నాలుగుకి కాస్త తక్కువ: స్ఫటికంలోని ఖాళీలు తూకానికి ఎప్పుడు చిక్కుతాయి?

ఘనస్థితి పాఠం చదివిన ఇంటర్ విద్యార్థులకు బాగా అలవాటైన లెక్క ఒకటుంది. ఫెర్రస్ ఆక్సైడ్‌ది ఘనాకార స్ఫటికం. యూనిట్ సెల్ (స్ఫటికమంతటా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న పెట్టె లాంటి భాగం) అంచు 5 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు), సాంద్రత ఘన సెంటీమీటరుకి 4 గ్రాములు. ఒక్కో సెల్‌లో ఎన్ని ఫెర్రస్ అయాన్లు, ఎన్ని ఆక్సైడ్ అయాన్లు ఉంటాయి? సూత్రంలో అంకెలు వేసి కూర్చుంటే 4.18 వస్తుంది. అయాన్లు ముక్కలుగా ఉండవు కాబట్టి దాన్ని 4కి సర్దేసి, ఆప్షన్‌కి టిక్ పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. ఎంట్రన్స్ పరీక్ష వరకు అది సరైన పనే.

ఆ ప్రశ్నలోని అంకెలు లెక్క తేలిగ్గా ఉండాలని పెట్టినవి. నిజం ఫెర్రస్ ఆక్సైడ్ అంచు 4.3 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉంటుంది, సాంద్రత 5.7 దగ్గర. 1933లో జెట్, ఫుట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రచురించిన కొలతల్లో ఒక నమూనా అంచు 4.301, సాంద్రత 5.728. ఈ అంకెలను అదే సూత్రంలో వేస్తే జవాబు 3.82. దీన్ని కూడా 4 చేసేయొచ్చు, ఎవరూ మార్కులు తగ్గించరు. కానీ ఆ స్ఫటికం గురించి చెప్పుకోదగ్గ సంగతంతా ఆ పోయిన 0.18లోనే ఉంది. ఇనుము ఉండాల్సిన చోట్లు కొన్ని ఖాళీగా ఉన్నాయని ఆ భిన్నం చెబుతోంది. పరీక్షలో సర్దుబాటు చేసి పారేసే ఆ భిన్నంతోనే స్ఫటికంలోని ఖాళీలను పట్టుకుంటారు.

అయితే ఈ పద్ధతి ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు అన్నది పాఠ్యపుస్తకాలు పెద్దగా పట్టించుకోవు. "షాట్కీ లోపం వల్ల స్ఫటిక సాంద్రత తగ్గుతుంది" అని ఒక వాక్యం రాసి ముందుకెళ్తాయి (ధన, రుణ అయాన్లు జంటగా తమ చోట్లు ఖాళీ చేయడమే షాట్కీ లోపం). ఎంత తగ్గుతుంది అని అడిగితే కథ మారిపోతుంది.

గుడ్ల ట్రేలు, రెండు సాంద్రతలు

కోడిగుడ్ల ట్రేలో 30 గుంతలుంటాయి. అలాంటి ట్రేలు ఓ వంద ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టూ అట్ట కప్పి, తాడుతో కట్టేశారనుకుందాం. లోపలికి చూసే వీల్లేదు. గుడ్డు బరువు తెలుసు, ట్రే కొలతలు తెలుసు, కట్ట ఎత్తు కళ్ల ముందే ఉంది. ఆ కట్టని కాటా ఎక్కిస్తే ఎన్ని గుంతలు ఖాళీయో చెప్పేయొచ్చు. ఏ ట్రేలో ఏ మూలన ఖాళీ ఉందో మాత్రం కాటా చెప్పదు.

స్ఫటికంలో ట్రే కొలతలు తెచ్చిపెట్టేవి ఎక్స్-కిరణాలు. వివర్తనంలో, అంటే ఆ కిరణాలు స్ఫటికానికి తగిలి చెదిరినప్పుడు, వచ్చే గీతల స్థానాలను బట్టి యూనిట్ సెల్ అంచుని ఆంగ్‌స్ట్రామ్‌లో మూడో నాలుగో దశాంశ స్థానం దాకా కొలవొచ్చు. కోటానుకోట్ల సెల్‌ల సగటు అది. అంచు తెలిశాక లెక్క చిన్నదే: సెల్‌లోని ఫార్ములా యూనిట్ల (ఉప్పులో అయితే ఒక సోడియం, ఒక క్లోరిన్ జంట) సంఖ్యని మోలార్ ద్రవ్యరాశితో హెచ్చించి, అవగాడ్రో సంఖ్య, అంచు ఘనం, ఈ రెండింటి లబ్ధంతో భాగిస్తే వచ్చేదే ఎక్స్-కిరణ సాంద్రత. ఒక్క గుంత కూడా ఖాళీ లేకుండా నిండిన స్ఫటికానికి ఉండాల్సిన సాంద్రత అన్నమాట. ఇక రెండోది, చేతిలో ఉన్న స్ఫటికాన్ని నిజంగా తూచి, దాని ఘనపరిమాణం కొలిచి తెచ్చిన సాంద్రత. మొదటిదానికంటే రెండోది ఎంత శాతం తక్కువగా ఉంటే, ఫార్ములా యూనిట్లు అంత శాతం లోటు.

షాట్కీ లోపం ఏర్పడినప్పుడు అయాన్లు స్ఫటికం వదిలి ఎక్కడికీ పోవు. లోపలి చోటు వదిలి పైకొచ్చి, ఉపరితలం మీద కొత్త వరుసలో చేరతాయి. బరువు అంతే ఉంది, ట్రేల సంఖ్య పెరిగింది, సాంద్రత తగ్గింది. ఫ్రెంకెల్ లోపం సంగతి వేరు. అక్కడ అయాన్ తన గుంత వదిలి పక్క సందులో ఇరుక్కుంటుంది. ట్రేలూ అన్నే, గుడ్లూ అన్నే. అందుకే సిల్వర్ క్లోరైడ్, సిల్వర్ బ్రోమైడ్ లాంటి వాటి దగ్గర సాంద్రత కొలిచి లాభం లేదు.

ఉప్పు దగ్గర చతికిలపడే పద్ధతి

షాట్కీ లోపానికి ఏ పుస్తకం తెరిచినా మొదటి ఉదాహరణ సోడియం క్లోరైడే. దాని లెక్క వేసి చూద్దాం. గది ఉష్ణోగ్రత దగ్గర అంచు 5.6402 ఆంగ్‌స్ట్రామ్‌లు, దాని ఘనం 179.43. నాలుగు ఫార్ములా యూనిట్లకు మోలార్ ద్రవ్యరాశి 233.77. భాగిస్తే ఎక్స్-కిరణ సాంద్రత 2.1635 గ్రాములు. పట్టికల్లో తరచూ కనిపించే కొలిచిన సాంద్రత 2.165. ఖాళీల వల్ల తగ్గాల్సింది పోయి కాస్త పెరిగింది! ఈ 0.07 శాతం తేడాకి స్ఫటికంతో సంబంధం లేదు, అది కొలతలో దొర్లిన తేడా.

మరి ఖాళీలు ఎన్ని? గది ఉష్ణోగ్రత దగ్గర ఘన సెంటీమీటరు ఉప్పులో సుమారు 10⁶ షాట్కీ జంటలుంటాయని, అదే ఘనపరిమాణంలో అయాన్లు 10²² స్థాయిలో ఉంటాయని మన విద్యార్థులు చదివే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే చెప్పింది. అంటే 10¹⁶ అయాన్లకు ఒక లోపం. సాంద్రతలో ఆ మార్పు చూడాలంటే పదహారో దశాంశం దాకా కొలవాలి.

కొలత ఎక్కడిదాకా వెళ్లగలదో బల్ల దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. 10 గ్రాముల ఉప్పు స్ఫటికం ఒకటి తీసుకున్నారనుకుందాం. ఆర్కిమెడిస్ పద్ధతి అంటే ద్రవంలో ముంచి తూచాలి. నీళ్లలో ముంచితే కరిగిపోతుంది కాబట్టి టోలీన్ లాంటి ద్రవం వాడాలి. స్ఫటికం ఘనపరిమాణం 4.62 ఘన సెంటీమీటర్లు. టోలీన్ సాంద్రత 0.867. సన్నటి తీగకి కట్టి ముంచితే బరువు సుమారు 4 గ్రాములు తగ్గినట్టు తక్కెడ చూపిస్తుంది. ఈ 4 గ్రాముల్లో ఒక్క మిల్లీగ్రాము తప్పు పోయినా సాంద్రతలో 0.025 శాతం తేడా. స్ఫటికం అంచుకి ఒక మిల్లీమీటరు వ్యాసమున్న గాలిబుడగ అంటుకుని ఉందనుకుందాం. దాని ఘనపరిమాణం అర ఘన మిల్లీమీటరే, కానీ అది తెచ్చే తప్పు 0.011 శాతం. తొమ్మిది వేల గుంతల్లో ఒకటి ఖాళీ అన్నట్టు లెక్క చూపిస్తుంది. ఆ ఒక్క బుడగ చూపించే దొంగ ఖాళీలు నిజం ఖాళీలకు లక్ష కోట్ల రెట్లు!

టోలీన్ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తప్పు చదివితే దాని సాంద్రతే 0.1 శాతం మారిపోతుంది. ఉప్పు కూడా ఊరికే ఉండదు. డిగ్రీకి దాని ఘనపరిమాణం సుమారు 0.012 శాతం వ్యాకోచిస్తుంది. ఏసీ గదిలో, నీటి తొట్టిలో ఉష్ణోగ్రతని డిగ్రీలో వందో వంతు తేడా రాకుండా నిలబెట్టి, బుడగలన్నీ తీసేసి, ఎంతో ఓపికగా చేస్తే లక్షలో ఒక వంతు దాకా వెళ్లొచ్చు. అక్కడి నుంచి 10¹⁶లో ఒకటి ఇంకా పదివేల కోట్ల రెట్ల దూరం.

వేడి చేస్తే ఖాళీలు పెరుగుతాయి కదా అన్న ప్రశ్న సహజం. పెరుగుతాయి. ఉప్పులో ఒక షాట్కీ జంట ఏర్పడటానికి సుమారు 2.3 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. 801 డిగ్రీల ద్రవీభవన స్థానం దగ్గరికొచ్చేసరికి ఖాళీలు పదివేలలో ఒకటి అన్న స్థాయిని అందుకుంటాయి. కానీ ఆ వేడికి స్ఫటికం మామూలు ఉష్ణ వ్యాకోచం వల్లే పది శాతానికి పైగా ఉబ్బుతుంది. ఆ పది శాతంలోంచి 0.01 శాతాన్ని ఏరి తీయాలి. లోహాల్లో ఈ పని నిజంగానే చేశారు. 1960లో సిమన్స్, బలుఫీ అల్యూమినియం కడ్డీని వేడి చేస్తూ, దాని పొడవు పెరుగుదలనీ సెల్ అంచు పెరుగుదలనీ ఒకేసారి కొలిచారు. కడ్డీ సెల్ కంటే ఎంత ఎక్కువ సాగితే, అంతమేరకు కొత్త గుంతలు పుట్టాయన్నమాట. 660 డిగ్రీల దగ్గర పదివేలలో తొమ్మిది ఖాళీలు తేలాయి. సాంద్రతను విడిగా కొలవకుండా రెండు పెరుగుదలల తేడా పట్టుకోవడమే అందులోని ఒడుపు. ఉప్పు లాంటి అయానిక స్ఫటికాల్లో మాత్రం ఖాళీల లెక్క ఎక్కువగా విద్యుత్ వాహకత నుంచి వచ్చింది, తక్కెడ నుంచి కాదు.

ఇక్కడో చిన్న పక్కదారి. ఎక్స్-కిరణాల తొలి రోజుల్లో అసలు ఈ పోలికే కుదిరేది కాదు. 1913లో తండ్రీకొడుకులైన బ్రాగ్‌లు ఉప్పులో అయాన్ల దూరం తేల్చడానికి వాడిందే ఉప్పు సాంద్రత. ఆ దూరంతో ఎక్స్-కిరణాల తరంగదైర్ఘ్యం కట్టారు, ఆ తరంగదైర్ఘ్యంతో మిగతా స్ఫటికాలన్నీ కొలిచారు. ఇచ్చిన చేత్తోనే పుచ్చుకున్నట్టు! 1925లో కాంప్టన్, డోన్ గీతలు గీసిన గ్రేటింగ్‌తో ఎక్స్-కిరణాల తరంగదైర్ఘ్యాన్ని నేరుగా కొలిచారు. తర్వాతి ఏళ్లలో ఆ పద్ధతికి పదును పెట్టేకొద్దీ పాత కొలతతో 0.2 శాతం తేడా స్థిరంగా కనిపించింది. ఘనం చేస్తే సాంద్రతలో అర శాతం పైన. స్ఫటికాలు మనం అనుకున్నంత క్రమంగా లేవేమో అన్న అనుమానం అప్పుడు గట్టిగానే వచ్చింది. 1936లో డ్యూమాండ్, బోల్‌మన్ కాల్సైట్‌ని పొడి చేసి మరీ పరీక్షించారు. తప్పు స్ఫటికానిది కాదని తేలింది. మిల్లికన్ నూనెబొట్టు ప్రయోగంలో వాడిన గాలి స్నిగ్ధత విలువ కాస్త తప్పు, దానివల్ల ఎలక్ట్రాన్ ఆవేశం తప్పు, దానివల్ల అవగాడ్రో సంఖ్య తప్పు. సూత్రంలో ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోకపోతే, గాలి స్నిగ్ధతలోని పొరపాటు కూడా స్ఫటికంలో లోపంలా కనిపించగలదు.

ఇనుము తక్కువైన ఐరన్ ఆక్సైడ్

పద్ధతి బలం చూడాలంటే ఖాళీలు శాతాల్లో ఉన్న చోటికి వెళ్లాలి. దానికి వూస్టైట్ మంచి ఉదాహరణ. ఫ్రిట్జ్ వూస్ట్ అనే జర్మన్ లోహశాస్త్రవేత్త పేరు మీద పిలిచే ఫెర్రస్ ఆక్సైడ్ ఇది. ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో ఎర్రగా కాలిన బిల్లెట్ (ఉక్కు దిమ్మ) మీద పొరలా కట్టి, రోలర్ల కింద పెచ్చులుగా రాలిపడే స్కేల్‌లో లోహానికి ఆనుకుని ఉండే మందపాటి పొర ఇదే. విశాఖ ఉక్కులోనైనా, ఎక్కడైనా అంతే. 570 డిగ్రీల పైనే ఇది స్థిరం. గది ఉష్ణోగ్రత దగ్గర పరీక్షించాలంటే వేడి మీద నుంచి గబుక్కున చల్లార్చాలి.

మామూలు పీడనంలో ఇందులో ఇనుము, ఆక్సిజన్ ఎప్పుడూ సరిసమానంగా ఉండవు. రసాయన విశ్లేషణలో 100 ఆక్సిజన్ అయాన్లకు ఇనుము 91 నుంచి 95 దాకా మాత్రమే తేలుతుంది. ఈ అంకెకి రెండు అర్థాలు చెప్పొచ్చు. ఇనుము గుంతలు కొన్ని ఖాళీగా ఉండి ఉండాలి. లేదా ఇనుము గుంతలన్నీ నిండే ఉండి, అదనపు ఆక్సిజన్ సందుల్లో ఇరుక్కుని ఉండాలి. ట్రేలో కొన్ని గుడ్లు తక్కువయ్యాయా, గుంతల మధ్య సందుల్లో అదనంగా గుడ్లు కుక్కారా? నిష్పత్తి ఎంత జాగ్రత్తగా కొలిచినా ఈ ప్రశ్నకి జవాబు రాదు, ఎందుకంటే రెండు కథల్లోనూ నిష్పత్తి ఒకటే.

బరువు మాత్రం ఒకటి కాదు. 100 ఆక్సిజన్‌లకు 94.5 ఇనుము ఉన్న నమూనా తీసుకుందాం. అంచు 4.301 ఆంగ్‌స్ట్రామ్‌లు. మొదటి కథ ప్రకారం సెల్‌లో నాలుగు ఆక్సిజన్‌లు నిండుగా ఉండి, ఇనుము 3.78 ఉండాలి. సాంద్రత 5.742 రావాలి. రెండో కథ ప్రకారం ఇనుము నాలుగు నిండుగా ఉండి, ఆక్సిజన్ 4.23 ఉండాలి. సాంద్రత 6.076 రావాలి. జెట్, ఫుట్ తూచి చూస్తే వచ్చింది 5.728. తీర్పు ఎటువైపో చెప్పడానికి పెద్ద గణితం అక్కర్లేదు.

ఒక్క నమూనాతో వాళ్లు ఆగలేదు. ఇనుము 93 ఉన్నప్పుడు ఖాళీల కథ 5.706 అంటే, అదనపు ఆక్సిజన్ కథ 6.136 అంది; కొలిచింది 5.658. ఇనుము 92 ఉన్నప్పుడు 5.687, 6.181, కొలిచింది 5.624. 91 ఉన్నప్పుడు 5.652, 6.210, కొలిచింది 5.613. ఇక్కడ అంకెల విలువ కంటే అవి నడిచే దిశ ముఖ్యం. ఇనుము తగ్గేకొద్దీ ఒక కథలో సాంద్రత తగ్గాలి, రెండో కథలో పెరగాలి. కొలత తగ్గుతూ పోయింది.

ఈ అంకెలనే మరో కంటితో కూడా చదవాలి. నాలుగు నమూనాల్లోనూ కొలిచిన విలువ ఖాళీల కథ చెప్పిన దానికంటే కాస్త తక్కువే: 0.2 శాతం నుంచి 1.1 శాతం దాకా. కొలతల్లో సహజంగా వచ్చే తేడాలైతే కొన్ని పైకి, కొన్ని కిందికి పోవాలి. నాలుగూ ఒకే వైపు పోయాయంటే నమూనాల్లో ద్రవం చొరబడని సూక్ష్మ రంధ్రాలో, చిక్కుకున్న గాలో ఉందని అనుమానించాలి. ఖాళీల సంఖ్య తేల్చడానికి ఈ కొలతలనే నమ్ముకుని ఉంటే, ఇనుము 92 ఉన్న నమూనాలో ఒక శాతం ఖాళీలు ఊరికే ఎక్కువ తేలేవి. కానీ రెండు కథల మధ్య దూరం 8 శాతానికి పైగా ఉన్నప్పుడు ఒక శాతం తప్పు తీర్పును మార్చలేదు. సాంద్రత కొలత అసలు బలం ఇక్కడుంది. లెక్కపెట్టే గుమాస్తాగా అది ఓ మోస్తరు, రెండు కథల మధ్య తీర్పు చెప్పే పెద్దమనిషిగా మాత్రం దిట్ట.

ఖాళీలు ఇనుము వైపే అని తేలాక మిగతాదంతా ఆవేశాల లెక్కే. సెల్‌కి సంబంధం లేకుండా ఒక్క ఆక్సిజన్‌కి చూస్తే, ఇనుము 0.945. దాని మొత్తం ఆవేశం 2 కావాలి. అన్నీ ఫెర్రస్ (ఒక్కోదానికి రెండు ధనావేశాలు) అయితే 1.89 మాత్రమే. లోటు 0.11. కాబట్టి 0.11 ఇనుము మూడు ధనావేశాలుండే ఫెర్రిక్‌గా మారి ఉండాలి, ఖాళీలు 0.055. ఒక్కో ఖాళీకి రెండు ఫెర్రిక్ అయాన్లు. బిల్లెట్ మీద స్కేల్ అంత జోరుగా పెరగడానికి కారణం కూడా ఈ ఖాళీలే. ఇనుము అయాన్లు ఒక ఖాళీలోంచి మరో ఖాళీలోకి దూకుతూ లోహం నుంచి బయటికి నడుస్తాయి.

అయితే కాటా చెప్పలేనిది చెప్పలేనిదే. 1960లో రాత్ న్యూట్రాన్ వివర్తనంతో చూసి, కొన్ని ఇనుము అయాన్లు ఆరు ఆక్సిజన్‌ల మధ్య ఉండే తమ అష్టముఖ స్థానాలు వదిలి, నాలుగింటి మధ్య ఉండే చతుర్ముఖ సందుల్లో కూర్చున్నాయని కనిపెట్టాడు. 1969లో కోచ్, కోహెన్ ఆ ఖాళీలు ఎలా గుంపు కడతాయో ఇంకా వివరంగా చెప్పారు: 13 ఖాళీలు, వాటి మధ్య సందుల్లో 4 ఇనుము అయాన్లు. నికరంగా లోటు 9. సాంద్రతకి కనిపించేది ఆ 9 మాత్రమే. నాలుగు గుడ్లు గుంతల్లోంచి లేచి సందుల్లో చేరినా కట్ట బరువు మారదు కదా. 1933 నాటి ఖాళీల కథ తప్పనడానికి లేదు, కానీ అది నికర లెక్క మాత్రమే.

బయటి అయాన్ వచ్చినప్పుడు

వూస్టైట్‌లో ఖాళీలు వాటంతట అవే వస్తాయి. కావాలని పుట్టించడానికి ఇంకో దారుంది. సోడియం క్లోరైడ్‌లో 10⁻³ మోల్ శాతం స్ట్రాన్షియం క్లోరైడ్ కలిపితే ధన అయాన్ల ఖాళీలు ఎన్ని అన్న లెక్క కూడా ఇంటర్ విద్యార్థులు చేసేదే. ఒక స్ట్రాన్షియం రెండు సోడియంల ఆవేశం తెస్తుంది, రెండింటిని తోసి ఒక్క చోటులో కూర్చుంటుంది, రెండో చోటు ఖాళీ. జవాబు మోల్‌కి 6.02 × 10¹⁸. కానీ అలాగే జరుగుతుందని ఎలా తెలుసు? అదనపు క్లోరిన్ సందుల్లో చేరొచ్చు కదా?

పొటాషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ జంట మీద 1950లో పిక్, వెబర్ చేసిన సాంద్రత కొలతలు దీనికి జవాబు. కాల్షియం పరమాణు భారం 40.08, పొటాషియం 39.10. కాల్షియం కాస్త బరువైనది, పైగా చిన్న అయాన్. ఖాళీలు ఏర్పడకపోతే కలిపేకొద్దీ స్ఫటికం సాంద్రత పెరగాలి. ఒక్కో కాల్షియంకి ఒక పొటాషియం చోటు ఖాళీ అయితే, రెండు పొటాషియంల 78.2 పోయి 40.1 వస్తుంది. సెల్ అంచు మారదనుకుంటే ఒక మోల్ శాతానికి సాంద్రత అర శాతం తగ్గాలి. కొలిస్తే తగ్గింది, అదీ ఒక్కో కాల్షియంకి ఒక ఖాళీ అన్న లెక్కకి సరిపోయేలా. ఉప్పులో కనిపించని ఖాళీని ఇలా బయటి అయాన్‌తో కనిపించే స్థాయికి పెంచొచ్చు.

ప్రతిసారీ ఖాళీలే రావాలని రూలేమీ లేదు. కాల్షియం ఫ్లోరైడ్‌లో ఇట్రియం ఫ్లోరైడ్ కరిగించి 1939లో జింట్ల్, ఉడ్‌గార్డ్ తూచారు. నూటికి పది కాల్షియంల చోట ఇట్రియం పెడితే, సందుల్లో ఫ్లోరిన్ చేరే పక్షంలో ఫార్ములా బరువు 84.9. ధన అయాన్ల చోట ఖాళీలొచ్చే పక్షంలో అదే సెల్‌లో పట్టేది 80.8. అయిదు శాతం తేడా. కాటా మొదటి దానివైపు మొగ్గింది. ఫ్లోరైట్ నిర్మాణంలో ప్రతి సెల్ మధ్యలో పెద్ద సందు ఉంటుంది కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. కానీ నిర్మాణం చూసి ఊహించడం వేరు, తూచి తెలుసుకోవడం వేరు.

అదే ఫ్లోరైట్ నిర్మాణంలో జిర్కోనియం ఆక్సైడ్‌కి కాల్షియం ఆక్సైడ్ కలిపితే కథ తిరగబడుతుంది. ఇక్కడ వచ్చే అయాన్ ఆవేశం తక్కువ కాబట్టి ఆక్సిజన్ గుంతలు ఖాళీ కావాలి. నెర్న్‌స్ట్ దీపంలో మెరిసే జిర్కోనియా కడ్డీలో కరెంటు మోసేది ఈ ఆక్సిజన్ ఖాళీలేనని 1943లో కార్ల్ వాగ్నర్ ప్రతిపాదించాడు. 15 శాతం కాల్షియం ఉన్న స్ఫటికానికి అంచు 5.13 ఆంగ్‌స్ట్రామ్‌లుగా తీసుకుంటే ఆక్సిజన్ ఖాళీల లెక్కలో సాంద్రత 5.57 రావాలి, అదనపు ధన అయాన్లు సందుల్లో చేరే లెక్కలో 6.02. కొలతలు మొదటి అంకె పక్కనే పడ్డాయి. ఇప్పుడు కారు సైలెన్సర్ దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ కూడా ఇలాంటి ఖాళీలున్న జిర్కోనియాతోనే పనిచేస్తుంది, కాకపోతే అందులో ఎక్కువగా కాల్షియం బదులు ఇట్రియం.

కానీ జిర్కోనియా దగ్గరే ఈ పద్ధతి పెద్ద బలహీనత కూడా బయటపడుతుంది. 1965లో డైనెస్, రుస్తుం రాయ్ ఇదే మిశ్రమాన్ని 1600 డిగ్రీల నుంచి, 1800 డిగ్రీల నుంచి చల్లార్చి తూచారు. 1600 నమూనాలు ఆక్సిజన్ ఖాళీల గీత మీద పడ్డాయి. 1800 నమూనాల్లో మాత్రం కొన్ని రెండో కథ వైపు జరిగాయి. వేడిని బట్టి లోపం రకమే మారుతుందని వాళ్ల వాదన. ఇలాంటి సిరామిక్ నమూనాలతో వచ్చే చిక్కు రంధ్రాలు. పొడిని నొక్కి కాల్చిన బిళ్లలో రెండు మూడు శాతం మూసుకుపోయిన రంధ్రాలు మిగలడం మామూలే. టోలీన్ వాటిలోకి పోలేదు, హీలియం కూడా పోలేదు. అవన్నీ అచ్చం ఖాళీల్లాగే సాంద్రతని తగ్గిస్తాయి. కాబట్టి తక్కువ వచ్చిన సాంద్రతని వెంటనే నమ్మకూడదు, మెత్తగా నూరి మళ్లీ కొలవాలి. ఎక్కువ వచ్చిన సాంద్రతకి మాత్రం రంధ్రాలు సాకు కాలేవు. 1800 డిగ్రీల ఫలితాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేకపోవడానికి కారణం అదే.

రసాయన విశ్లేషణకు దొరకని 15 శాతం

ఇప్పటిదాకా చెప్పిన ఉదాహరణలన్నిటిలో ఏదో తేడా ఉందన్న సంగతి ముందే తెలుసు. ఇనుము తక్కువని విశ్లేషణ చెప్పింది, కాల్షియం కలిపినట్టు కలిపినవాళ్లకే తెలుసు. టైటానియం మోనాక్సైడ్‌లో ఆ క్లూ కూడా లేదు. బంగారు రంగులో మెరుస్తూ లోహంలా కరెంటు మోసే ఈ ఆక్సైడ్‌ని పూర్తి అయానిక స్ఫటికం అనడం కష్టమే. కానీ ఉప్పు నిర్మాణమే దానిది, పైగా ఈ పద్ధతికి దీన్ని మించిన సాక్ష్యం లేదు.

టైటానియం, ఆక్సిజన్ కచ్చితంగా ఒకటికి ఒకటిగా ఉన్న నమూనాని తీసుకుందాం. విశ్లేషణ ప్రకారం లోపమే లేదు. ఎక్స్-కిరణ చిత్రం చూస్తే ఉప్పు నిర్మాణం, అంచు 4.18 ఆంగ్‌స్ట్రామ్‌లు. లెక్క కడితే సాంద్రత 5.81 రావాలి. తూస్తే 4.95 దగ్గర వస్తుంది. ఒక శాతమో రెండు శాతమో కాదు, 15 శాతం లోటు. సెల్‌లో ఫార్ములా యూనిట్లు ఎన్నని అడిగితే జవాబు 3.4. దీన్ని 4కి సర్దేయడానికి పరీక్ష రాసే విద్యార్థికి కూడా చెయ్యాడదు. ఈ స్థాయి రంధ్రాలుంటే సూక్ష్మదర్శినిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, నూరితే పోతాయి. ఇవి పోవు. టైటానియం గుంతల్లో 15 శాతం, ఆక్సిజన్ గుంతల్లో 15 శాతం నిజంగానే ఖాళీ. రెండు వైపులా సమానంగా పోవడంతో నిష్పత్తికి ఏమీ కాలేదు, అందుకే రసాయన విశ్లేషణ మోసపోయింది. ఉప్పులో 10¹⁶లో ఒకటిగా ఉన్న షాట్కీ లోపానికీ దీనికీ పేరు ఒకటే, స్థాయిలో పోలికే లేదు.

ఆక్సిజన్ పాళ్లు మార్చినా ఈ నిర్మాణం చాలా దూరం నిలబడుతుంది, ఒక టైటానియంకి 0.7 ఆక్సిజన్ నుంచి 1.25 దాకా. ఆక్సిజన్ పెరిగేకొద్దీ దాని గుంతలు నిండుతూ, టైటానియం ఖాళీలు పెరుగుతాయి. తగ్గిస్తే దీనికి తలకిందులు. ఎన్ని టైటానియం ఖాళీలు, ఎన్ని ఆక్సిజన్ ఖాళీలు అన్నవి ఇక్కడ రెండు తెలియని సంఖ్యలు. విశ్లేషణ వాటి మధ్య నిష్పత్తి సమీకరణం ఒకటిస్తుంది, సాంద్రత బరువు సమీకరణం ఒకటిస్తుంది. ఒకటి లేకపోతే రెండోది అక్కరకు రాదు.

ఈ ఖాళీలు మొదట ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. సుమారు 990 డిగ్రీల కంటే కింద చాలాసేపు ఉంచితే వరుసలో కూర్చుంటాయి. ఆ అమరికలో ప్రతి ఆరు టైటానియం చోట్లలో ఒకటి, ప్రతి ఆరు ఆక్సిజన్ చోట్లలో ఒకటి ఖాళీ. 30 గుంతల ట్రేలో అయిదు గుడ్లు లేవు, ఆ అయిదు గుంతలూ ప్రతి ట్రేలోనూ అవే. ఏ గుంత ఖాళీయో కాటా చెప్పలేదు. కానీ ఖాళీలు వరుస కట్టగానే వివర్తన చిత్రంలో పాత గీతల మధ్య కొత్తవి, సన్నగా, మొలుస్తాయి.